పాళీ మార్పు

అవెన్యూ రోడ్డులో మెట్ల కింద కొట్టు.
ఎనభై రూపాయల పెన్నుకి
మూడొందల యాభై పెట్టి పాళీ.
"అసలు కన్నా వడ్డీ ఎక్కువైందే!"
పక్క కొట్లో డైరీలు బేరమాడుతూ సుభాషిణి.

నిజమే. కానీ నాలుగేళ్ళుగా
సున్నా చుట్టబోతే చాలు
సగంలో కాగితాన్ని గీరి ఆగిపోయేది.
మన అక్షరాలేమో అన్నీ గుండ్రాలే.
మలుపు మలుపుకీ బండి దిగి తోసినట్టు
రాశాను ఇన్నాళ్ళూ.

నంజుండయ్య గుడ్డపేలికతో పట్టి
పాతదాన్ని లాగాడు, పాలపన్ను ఊడినట్టు వచ్చింది.
కొత్తదాన్ని నాలికతో జతచేసి దూర్చి
బొటనవేలి గోటి మీద ఆనించి
చీలికలోంచి ఒంటికంటితో
వీధి మొత్తాన్నీ చూశాడు.

"బరీరి" అని చీటీ తోశాడు.
నిండా ఎవరెవరివో సంతకాలు, ఎనిమిదులు,
గట్టిగా కొట్టేసిన ఒక పేరు.
ఏమీ తోచక రాశాను:
పాలు అరలీటరు.

ఆగలేదు.
లు కొమ్ము దగ్గర కూడా ఆగలేదు.

అతను అటువైపు నుంచి కూడబలుక్కుని
"యార పాలు?" అన్నాడు,
ఎవరి వాటా అని.
"హాలు" అన్నాను. ఇద్దరం నవ్వాం.

తిరుగు బస్సులో టికెట్టు వెనక
కుదుపుల మధ్యే
ఎక్కడా పెద్దగా పనిపడని ఠ,
ఇంకో ఠ, మరో ఠ.

పాలు మర్చిపోయాను.