మూడో సూది

పాలు గడ్డకట్టాయి, అంతేగా అనుకున్నాం.
మా అత్త ఊల్‌కాన్ క్యాబేజీ ఆకుకి తేనె పూసి
నా ఎడమ రొమ్ము మీద వేసి కట్టింది.
తెల్లారేసరికి ఆకు ఉడికింది.
నేనూ ఉడికాను.
మర్నాడు కాల్చిన ఉల్లిపాయ,
ఆ మర్నాడు గొర్రెకొవ్వు.
దేన్నీ తిట్టను:
ఆ మూడు రాత్రులూ నా వీపు మీద ఒక చెయ్యి ఉంది.

ఆత్‌బాషి నుంచి నరీన్ ఆస్పత్రికి
కనుమ దాటి, మంచులో మినీబస్సు.
దారిలో ప్రతి గుంటనీ
సలుపుతూ సలుపుతూ నా రొమ్మే లెక్కపెట్టింది.

డాక్టర్ జిల్దిజ్ చల్లటి జెల్లీ రాసి
తెర మీద చూపించింది:
రాత్రిపూట సరస్సులా నల్లగా,
ఒడ్డు తెలియకుండా.
"చీము. మూడున్నర సెంటీమీటర్లు."

"కోస్తారా?"

మా అమ్మకి కోశారు, నేను పుట్టిన నెలలో.
నెలవంకంత మచ్చ.
స్నానాలగదిలో ఆవిరి మధ్య చూసేదాన్ని.
ఆ వైపు పాలు ఎలా ఉంటాయో
నాకెప్పుడూ తెలీదు.

డాక్టర్ వేలితో మెల్లగా నొక్కింది.
"చర్మం పల్చబడి నిగనిగలాడుతుంటే
కత్తే పట్టేదాన్ని.
ఇంకా గట్టిగానే ఉంది.
గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?
సూదితో లాగుదాం. మళ్ళీ నిండితే మళ్ళీ లాగుదాం."

మొదటిసారి పద్దెనిమిది మిల్లీలీటర్లు.
పాత మీగడ రంగు. నేను చూశాను,
చూడొద్దన్నా.
రెండోసారికి ఇరవై.
తగ్గలేదు, పెరిగింది!
బస్సులో ఏడ్చాను, ఎవరూ ఏమీ అనలేదు.
ల్యాబు నుంచి కబురొచ్చింది:
ఈ క్రిమి ఆ మందుకి లొంగే రకం కాదట.
మాత్రల రంగు మారింది.

"పాలు మాత్రం మానకు" అంది డాక్టర్.
"బిడ్డకి విషం పడతావా!" అత్త గుండెలు బాదుకుంది.
నేనూ భయపడ్డాను, ఎందుకు దాచాలి.
మొదటి గుక్కకి పళ్ళు బిగబట్టాను,
గాజుకిటికీ మీద మంచుపూలు లెక్కపెట్టాను,
పదకొండు, పన్నెండు...
పదమూడో పువ్వు దగ్గర
పాలు చేపాయి.

మూడో సూదికి రెండు చుక్కలు, నీళ్ళలా.
డాక్టర్ సిరంజీని వెలుతురుకి ఎత్తి చూసి
ఏమీ అనకుండా చెత్తబుట్టలో పడేసింది.

ఇప్పుడు నా సెజిమ్‌కి
రెండు వైపులా రుచి తెలుసు.
ఫోన్లో చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు.
తర్వాత, "అక్కడ వాన ఉందా?" అంది.

మిగిలిన క్యాబేజీతో అత్త సూప్ కాచింది.
ఉప్పెక్కువైంది.
అడిగి మరీ
ఇంకో గిన్నె పోయించుకున్నాను.