మ.రా.రా.శ్రీ.

ఎగ్మూరు దస్తావేజుల భవనంలో
రోజుకి నలభై కాగితాలు నా వంతు.
ముట్టుకుంటే పొడుములా రాలేవాటిని
గాజుపలక కింద పడుకోబెట్టి, ఫోటో తీసి,
గళ్ళు నింపాలి.
ఎవరు. ఎవరికి. ఎప్పుడు. ఎందుకు.

ప్రతి కాగితం నెత్తినా ఒకటే తలపాగా:
మ.రా.రా.శ్రీ.
కొత్తగా చేరిన సెల్వి, అరకొర తెలుగులో,
"ఇది ఊరి పేరా అక్కా, ఇంటి పేరా?"

మహారాజ రాజశ్రీ, అని విప్పి చూపించాను.
"అమ్మో, మదరాసులో ఇందరు రాజులా!"
ఉప్పు ఇన్‌స్పెక్టరు ఒక రాజు.
టీకాల సూపర్నెంటు ఒక రాజు.
చిటికెడు రాజ్యం లేదు ఎవరికీ,
సంతకం ఉంది.
తోకకి అరవవాళ్ళకైతే అవర్గళ్,
మనవాళ్ళకైతే గారు.
చుక్క తప్పితే అర్జీ తిరిగొచ్చేదట.

మా ఇంట్లో ఆ మాట ఇంకోలా బతికింది.
బారెడు పొద్దెక్కినా లేవని నాన్న మంచం దగ్గర
అమ్మ నిలబడి,
"మహారాజశ్రీ వారికి కాఫీ ఇక్కడికే తెమ్మంటారా?"

తాత ఆదికేశవులు ప్యారీస్ కార్నర్ అరుగు మీద
బేడకొక అర్జీ రాసేవాడు.
ముసలితనంలో నన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని
పలక మీద ఆ నాలుగక్షరాలూ దిద్దించి,
"చుక్కలు చెరిపి నడుమ చదువు" అనేవాడు.
రారా!
"ఎంతెంత దొరల్ని పిలిచానో చూశావా,
డబ్బులు తీసుకుని మరీ!"
దగ్గొచ్చేదాకా నవ్వేవాడు.

ఇవాళ ముప్పై మూడో కాగితం.
తండయారుపేట, పందొమ్మిది వందల ముప్పై ఆరు.
శ్రీ కింద ఆ పొడుగాటి తోక
నాకు తెలిసిన చెయ్యే.
కార్పొరేషను ఇంజనీరు వరదాచారి అవర్గళ్ దివ్య సముఖమునకు:
బావి ఉప్పుబారి నాలుగు నెలలు,
పసిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు,
తమరు ఒక్కమారు వచ్చి చూచి...
అడుగున బొటనవేలి మరక.
తాయారు నిశాని.
ముందేమీ లేదు, వెనకేమీ లేదు,
చివర అమ్మ అని కూడా లేదు.

అంచున ఎర్రసిరా: చూడబడెను.

చూడబడింది కాగితం.

వేలు పెట్టి మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాను.
తాత నవ్విన చోటే ఆగాను.
ఈసారి నవ్వులా వినిపించలేదు.
రా.
రా.

పైకే చదివినట్టున్నాను.
"పిలిచారా అక్కా?" అంటూ
సెల్వి కుర్చీ జరుపుకుని వచ్చింది.