కాటర్ పిన్ను

నైటుషిఫ్టు దిగి
నెల్లిమర్ల మిల్లు గేటు దాటానో లేదో
ఎడమ పెడలు తొక్కినప్పుడల్లా
టక్.
కుడికాలికి లేదీ రోగం.

గోనెపరదా కింద తవిటయ్య
క్రాంకు పట్టి ఊపాడు,
ఊడబోయే పాలపన్నుని ఊపినట్టు.

"నట్టు బిగించినారేటి?"
బిగించాను. మూడుసార్లు.
"నట్టేటి సేత్తాది బావూ, పిన్ను కూసోకపోతే?"

పాతది దిగగొట్టాడు,
ఒక పక్క అరిగిన సుద్దముక్క.
కొత్తదాని చదునుకి ఆకురాయి.
రెండు రుద్దులు, ఊదడం, దూర్చి చూడడం,
తల అడ్డంగా ఆడించడం,
మళ్ళీ రెండు.

కింద రైలుపట్టా ముక్క ఆనించి
సుత్తి.
మూడో దెబ్బకి చప్పుడు మారింది,
చెక్క మీంచి గంట మీదికి.
అప్పుడుగాని నట్టు ముట్టుకోలేదు.

అన్నలిద్దరూ పురిట్లోనే పోతే
తవుడిచ్చి కొన్నారట ఇతన్ని,
ఉండిపోతాడని.
నేనడగలేదు. సుత్తి తుడుస్తూ తనే చెప్పాడు.
ఉండిపోయాడు. డెబ్బై దాటాయి.

ముప్పై రూపాయలు.
"రేపోపాలి రండి, సవారీ అయ్యాక
మళ్ళీ కాస్త వదులౌతాది."

చంపావతి వంతెన దాకా తొక్కాను.
టక్ లేదు.
ఎడమకాలు మాత్రం
ప్రతి చుట్టులోనూ అక్కడ కాసేపాగి,
చీకట్లో
అయిపోయిన మెట్లకి ఇంకో మెట్టు వెతుకుతోంది.