గింజ చిట్లకుండా

తుపాను వెళ్ళిన తొమ్మిదో రాత్రి
టెక్కలి సబ్‌స్టేషన్ వెనక గదిలో
మూడు జిల్లాల కరెంటు నా ల్యాప్‌టాప్‌లో ఇరుక్కుంది.

లైను తిరిగి ఛార్జి చేద్దామని
బ్రేకరు మూసిన ఆ ఒక్క క్షణాన్ని
యాభై మైక్రోసెకన్ల చొప్పున తరిగి
ప్రతి ముక్కలోనూ ప్రతి బస్‌బార్‌నీ
నీ వోల్టేజీ ఎంతని అడగాలి.
రెండు వేల సమీకరణాలు,
ఒకదాని చెయ్యి ఒకటి వదలదు.

లైన్‌మన్ దుంపల లోకనాథం మూడోసారి టీ తెచ్చి
"ఇంకా అదే బ్రేకరా మేడమ్?" అన్నాడు.
అదే.
నాలుగు గంటలుగా మూసుకుంటూనే ఉంది.

విడగొట్టాలి,
సగం ఒక ప్రాసెసర్‌కి, సగం ఇంకోదానికి.
మొదట ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కోశాను,
మ్యాపులో చూడ్డానికి సరిగ్గా సగమని.
నాలుగో అడుగుకే గ్రాఫు వెర్రెత్తి
తెర దాటిపోయింది.
అటువైపు అప్పుడే అన్న మాటని
ఇటువైపు ఒక అడుగు ఆలస్యంగా వింది మరి.
గోడ పంచుకున్నవాళ్ళ మధ్య
ఆ కాస్త ఆలస్యం కూడా అబద్ధమే.

కాశీబుగ్గ జీడి బట్టీలో మా పెద్దమ్మ సన్నెమ్మ
బూడిద పూసుకున్న వేళ్ళతో పిక్కని నిలబెట్టి
"ఒలే గుంటా, నడ్డి మీద కొట్టకు, ముక్కయిపోద్ది.
దానికో వాటం ఉంటాది.
పిక్కే సెప్తాది, సూడు" అనేది.
నాకెప్పుడూ చెప్పలేదు.
నేను చెడగొట్టిన నూకంతా
ఆమె కూలిలోంచే పోయేది.

పలాస నుంచి గరివిడి దాకా పొడవాటి లైను.
వంశధార దాటి, నాగావళి దాటి
నూరు కిలోమీటర్లనుకోండి.
ఈ కొసన లేచిన అల
వెలుతురంత వేగంగా పరిగెత్తినా
ఆ కొసకి మూడు వందల ముప్పై మైక్రోసెకన్లు.
అంతసేపూ పలాస సంగతి గరివిడికి తెలీదు.
నిజంగానే తెలీదు.
నా అడుగు యాభై.

అక్కడ కోశాను.
నేను కోసిందేముంది,
దూరం ఎప్పుడో కోసి పెట్టింది.
ఇక ఒక్కో సగానికీ
అవతలి లోకమంతా ఒక నిరోధం,
కొంచెం పాత కబురు.

రెండూ వేరువేరుగా నడిచి
ఆరు నిమిషాల్లో ముగిశాయి.
అతికి చూశాను. మచ్చ లేదు.
మూడో మిల్లీసెకనులో
పలాస వైపు అరెస్టరు చేతులెత్తేయడం
గోరంత మెట్టుగా కనబడింది.

లోకనాథం వంగి చూశాడు.
"అది ముసలిదయిపోనాదని
ఆర్నెల్ల కిందటే రాసిచ్చాను మేడమ్."
ఎక్కడికి? డివిజన్ ఆఫీసుకి.
ఎంత దూరం? రెండు వీధులు.

ఆ కాయితం ఇంకా దారిలోనే ఉంది.
టీ చల్లారిపోయింది.