ఘాటు

ఈ బండికి ముందూ వెనకా లేవు.
ఆ చివరొక గది, ఈ చివరొక గది.
డ్రైవరు సంచీ సర్దుకుని
పెట్టెల వెంట నడిచి అటెళ్ళి కూర్చుంటే
తోకే తలకాయ.

పాత పాసింజరు రోజుల్లో
రేపల్లె చేరాక ఇంజను విప్పి, లూపులోంచి తిప్పి
మళ్ళీ ఈ కొసకు తగిలించేసరికి
రెండు టీలూ ఒక తగాదా అయిపోయేవి.
ఇప్పుడు ఒక్క టీయే. తగాదా సగంలో ఆగిపోతుంది.

ఇంజను ఏదని అడుగుతారు పిల్లలు.
మీరు నిలబడ్డ చోటే, కాళ్ళ కింద.
పలక కింద పడుకోబెట్టాం దాన్ని,
ఆరు సిలిండర్లూ పక్కకి వాల్చి,
మంచం చాలని మనిషిలా.
దీన్ని అరికాళ్ళతో వినాలి
అంటాడు నాగుల్ మీరా, చెప్పులు విడిచి.

నేను సలోమీని. మా షెడ్డులో
గుంటలోకి దిగిన మొదటి ఆడమనిషిని.
తలెత్తితే ఆకాశం బదులు ఆయిల్ సంపు.
నా మీద పడ్డ మొదటి చుక్క
ఖాకీ కాలరు మీద ఇంకా ఉంది.

ఆ ఏడు ఫిబ్రవరి నుంచీ
సాయంత్రం బండి ఒక్కటే వేడెక్కేది.
పొద్దున ఎనభై రెండు. మధ్యాహ్నం ఎనభై అయిదు.
సాయంత్రం వేజండ్ల దాటకముందే తొంభై ఎనిమిది,
ఎర్ర దీపం, ఇంజను తనంతట తానే ఆగడం,
జనం పట్టాల మీదికి దిగి
డ్రైవరు వంశాన్ని తలుచుకోవడం.

థర్మోస్టాట్ మార్చాం. నీళ్ళ పంపు మార్చాం.
ఫాను బెల్టు బిగించాం, వదులు చేశాం, మళ్ళీ బిగించాం.
పెద్దాఫీసు నుంచి ఇంజనీరు చక్రపాణి గారొచ్చి
బ్లూప్రింటు బల్ల మీద పరిచి
డిజైన్లో తప్పు లేదన్నారు.
లేదు మరి. కాగితం మీద గాలి శుభ్రంగానే ఉంది.

నాగుల్ మీరా ఏమీ అనలేదు.
రేడియేటర్ జాలీ విప్పి నోటితో ఊదాడు.
తుమ్మాడు. నేను తుమ్మాను.
చక్రపాణి గారు బ్లూప్రింటు మీదే తుమ్మారు.
రేకు రేకుకీ మధ్య ఎర్రటి పొడి,
అక్కడక్కడ ఒక పసుప్పచ్చ గింజ.

సాయంత్రం బండంటే ఎవరి బండి?
యార్డులో, కోల్డ్ స్టోరేజీల్లో
పొద్దంతా తొడాలు తీసి
కొంగులు దులుపుకుంటూ ఎక్కే ఆడవాళ్ళది.
మా అమ్మా అందులోనే ఎక్కేది.
ఇంటికొచ్చి నన్ను ముట్టుకునే ముందు
మజ్జిగలో చేతులు ముంచేది.
తలుపు దగ్గర ఆమె దులిపిన కొంగుని
కాళ్ళ కింద ఫాను పీల్చుకుంటోందని
నాకే తట్టలేదు.

జాలీకి తగిన బట్ట స్టోర్సులో లేదు.
ఇండెంటు పెడితే మూడు నెలలు.
అమ్మ పాత నూలు చీర తెచ్చాను,
వంద ఉతుకులకి పల్చబడ్డది,
గాలి ఆడుతుంది, ధూళి ఆగుతుంది.
నాగుల్ మీరా దాన్ని ఫ్రేముకి కుట్టాడు,
గోనెసంచులు కుట్టే దబ్బనంతో.
ఆ సాయంత్రం వేజండ్ల దగ్గర ఎనభై ఆరు.
తెనాలిలో ఎనభై ఆరు.
భట్టిప్రోలు దాటినా ఎనభై ఏడే.
లాగ్ బుక్కులో ఏం రాయాలో తెలీక
ఫిల్టరు శుభ్రం చేయబడినది అని రాశాం.
వారానికోసారి విప్పి ఉతికాను.
ఆ నీళ్ళు పారబోసిన చోట
షెడ్డు కుక్క కూడా పడుకునేది కాదు.

తర్వాత స్తంభాలొచ్చాయి, పైన తీగొచ్చింది.
తీగ కింద నడిచే బండ్లకి వేరే షెడ్డు, వేరే చదువు.
మా బండిని ఒక డిసెంబరు పొద్దున
గూడ్సు వెనక కట్టి తీసికెళ్ళారు,
తీగ ఇంకా చేరని ఏదో కొండ దారికి.
తన ఇంజను తనకుండగా
ఇంకొకరి వెనక పోవడం చూడలేనని
నాగుల్ మీరా టీకి వెళ్ళిపోయాడు.
నేను చూశాను.
జాలీ మూత నాలుగు బోల్టులూ బిగించింది నేనే.
చీర తియ్యలేదు. మర్చిపోయాననుకోండి.

అక్కడెవరో కొత్త ఫిట్టరు
ఒకరోజు ఆ మూత విప్పుతాడు.
తుమ్ముతాడు.
ఎందుకో తెలీక మళ్ళీ తుమ్ముతాడు.