చెప్పకుండా వచ్చింది

కటింగ్ మిషన్ కాడ ఉన్నట్టుండి కరెంటు పోయింది.
మళ్లా వస్తే బ్లేడు ఎగిరిపడతాదని
చీకట్లోనే స్విచ్చికి చెయ్యి చాపినా.

లైట్లు ఎలిగినాయి. పదిమంది ఒకేసారి అరిసినారు.
నాపరాయి బండ మీద కేకు,
దాని మీద క్రీముతో నా పేరు,
ఓబులేసులో ఒక అక్షరం తప్పు.

దస్తగిరి తీసిన ఫోటోలో అందరూ నవ్వుతాండారు.
నాదొక్కనిదే
ఎవురో పోయినారని కబురిన్న మొగం.

ఏం జేద్దును?
ఎండబోసిన శెనక్కాయల మీద
ఒకేడు చెప్పకుండా పడింది వాన.
ఆషాడమంతా మేం మొక్కుకున్న వానే.
దాన్ని చూసే మాయమ్మ
పట్టలు పట్టలని అరస్తా పరిగెత్తింది.

కేకు తిన్నా. తీపి తెలీలేదు.
గుండె ఇంకా ఆ స్విచ్చి కాడే ఉండాది.

మర్నాడు తాడిపత్రి బస్టాండులో
టీ తాగతా సుంకన్నకు చెప్తాంటి.
"లైట్లు ఎలిగినాయి సూడూ..." అన్నానో లేదో
నవ్వొచ్చె. ఆపుకోలేకపోతి.
సగం టీ చొక్కా మీదికి ఒలికె.
అప్పుడొచ్చింది నాలిక మీదికి
నిన్నటి క్రీము.

వచ్చే ఏడు చెయ్యొద్దని
నేనేం అన్లేదు వాళ్లతో.
కొత్త క్యాలెండరు రాంగానే
ఆ తారీకు చుట్టూ
ఎవురూ చూడకుండా సున్నా చుట్టుకున్నా.