అందించని మాట

షిప్‌యార్డు రిక్రియేషన్ క్లబ్బులో
తెర పక్కన చీకట్లో స్టూలేసుకుని
ఇరవై రెండు నాటకాలకి మాటందించాను.
అందరికీ అందించాను,
ఒక్క గరికిన పరదేశమ్మకి తప్ప.

మర్చిపోదని కాదు.
మర్చిపోతే బావుణ్ణని హాలంతా కాచుకునేది.
తహసీల్దారు ముందు చేతులు కట్టుకుని
దీనంగా ఏదో చెప్పాల్సిన చోట
ఆగి, పైట సర్దుకుని,
"ఉండండి బావూ, సేపల బుట్ట బయటెట్టీసొచ్చాను,
ఆ పిల్లి సూపు మీ గుమస్తా సూపులాగే ఉంది" అనేది.
నా కాగితంలో ఆ ముక్క లేదు.
మర్నాడు మార్జిన్లో రాసుకునేవాణ్ణి.

పూర్ణా మార్కెట్లో నేర్చిందట విద్య:
కొనేవాడు నవ్వితే తక్కెడ వైపు చూడడు.
వాళ్ళమ్మ కవళ్ళు కుప్పలు పోస్తుంటే
ఈ గుంట
కొన్నవాళ్ళ నడకా, కొననివాళ్ళ నడకా
విడివిడిగా నడిచి చూపించేదట.

ముందు పుట్టిన ముగ్గురూ దక్కక
పరాయిదని చెబితే చావు ముట్టదని
పెట్టిన పేరు.
మద్రాసులో ఎవరో "పరదేశమ్మా? ఏ దేశం?" అంటే
"జాలారిపేట సార్.
పాస్‌పోర్టు లేదు, వంజరం ఉంది" అందట.

మెయిలు మా స్టేషన్లో ఇంజను మార్చుకుని
తల ఉన్నవైపు తోక చేసుకుని బయల్దేరుతుంది.
అందాకా ముందుకి చూస్తూ వచ్చినవాళ్ళు
మిగతా దారంతా వెనక్కి చూస్తూ పోతారు.
ఆవిడకి దొరికిందీ ఆ సీటే.

నూట నలభై సినిమాలు.
జనం టార్చిలైటు వెంట సీట్లు వెతుక్కునే వేళ
ఆవిడ పేరు పడి పోయేది.
పనిమనిషి, నర్సు, చెంపదెబ్బ తినే వదిన,
బావిలో పడే అత్త,
మళ్ళీ పనిమనిషి.
"ఏటి బావూ" అంటే చాలు
జగదాంబ హాలు ఊగిపోయింది.
మా ఊరివాళ్ళమే, మా మాట మీదే.
బాల్కనీలో నేనూ నవ్వాను.
అది గొంతులో చేపముల్లు అని రాయబోయాను,
"ముల్లు సేపకి కావాలి, మీకెందుకు మింగడం?"
అంటుందని కొట్టేశాను.

ఒక్క ఏడుపు సీను ఇమ్మని అడిగిందట.
"నువ్వేడిస్తే జనం నవ్వుతారమ్మా" అన్నాడు డైరెక్టరు.
"అందుకే అడుగుతన్నాను" అందట.
ఇవ్వలేదు.

తుపానుకి తమ్ముడి బోటు తిరిగిరాని వారం
డబ్బింగు థియేటర్లో తుమ్ములు తుమ్మింది.
పదకొండు తుమ్ములు. పదకొండూ వేరువేరు.
చివరిదాన్లో ఏదో తేడా ఉందన్నాడు సౌండు కుర్రాడు.
అదే బావుందని
దాన్నే ఉంచారు.

పోయిన నెల సిరిపురంలో
కాఫీ హోటల్ మేడ మీద
జులపాల కుర్రాళ్ళు ఆవిడకి మైకిచ్చారు.
"స్టాండప్ అంటన్నారు. నిలబడలేన్రా నాయనా,
కుర్సీ ఎయ్యండి."
అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళ మీద చేతులానించి
ఆ తుమ్ములన్నీ మళ్ళీ తుమ్మింది.
ఒక్కోదానికి ఒక్కో హీరో, ఒక్కో చెంపదెబ్బ.
కుర్రాళ్ళు కుర్చీల్లోంచి జారిపోయారు.

పదోది అయ్యింది.
"ఇంక ఇది మా తమ్ముడు..."
అని ఆగింది.

మర్చిపోయిందో, ఆపిందో
నలభై ఏళ్ళు పక్కనున్న నాకే తెలీలేదు.
చేతిలో కాగితం లేదు.
పేరు తెలుసు.
పెదాలు వాటంతటవే కదిలాయి, గొంతు కలవలేదు.

ఆవిడ చీకట్లోకి చూసింది, సరిగ్గా నావైపే.
"ఈ బావు ఎప్పుడూ ఇంతే.
కూకోడానికే వస్తాడు."
మేడంతా నవ్వింది.
పదకొండోది తుమ్మలేదు.

కింద వీధిలో
జాలారిపేటకి నూటయాభై అన్న ఆటోవాణ్ణి
ఏదో అని నవ్వించి ఎనభైకి దింపింది.
నన్ను ఎక్కమనలేదు.
బీచి గాలికి చొక్కా ఉబ్బుతుంటే
నడిచి ఇంటికెళ్ళాను,
నోట్లో ఆ పేరుతో.